702 హార్స్‌పవర్ ట్రక్కు, మంచు రోడ్డు: ఇంజను ఇచ్చేదెంత, నేల తీసుకునేదెంత?

మిషిగన్‌లో సంక్రాంతి వచ్చేసరికి చలికాలం నడిమధ్యకి చేరుతుంది. గుడి హాల్లో భోజనాలు జరుగుతుంటాయి, బయట పార్కింగ్ లాట్ అంచుల్లో నడుమెత్తున తోసిపోసిన మంచు గుట్టలు. అలాంటి ఓ భోజనాల దగ్గరే, అరిసె తుంచుకుంటూ ఒక కుర్రాడు నన్నడిగాడు: “అన్నా, నా ట్రక్కుకి ఫోర్ వీల్ డ్రైవ్ ఉంది, 450 హార్స్‌పవర్ ఉంది. మళ్ళీ వింటర్ టైర్లకి వెయ్యి డాలర్ల పైన దేనికి?” ఆ వేసవిలోనే కొన్నాడు పికప్. అతనికిది మొదటి చలికాలం.

ప్రశ్న తేలిగ్గా తీసిపారేసేది కాదు. డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల కంపెనీల్లో పనిచేసే మనవాళ్ళలో కూడా దీని మీద రెండు మూడు రకాల సమాధానాలు వినిపిస్తాయి. ఒకరు బరువే రక్ష అంటారు. ఇంకొకరు టైరే అంతా అంటారు. మరొకరు స్నో మోడ్ పెడితే చాలంటారు. ఎవరూ పూర్తిగా తప్పు చెప్పడం లేదు. చిక్కల్లా ఏమిటంటే, ఒక్కొక్కరూ ఒక్కో పని గురించి మాట్లాడుతున్నారు. బండి కదలడం ఒక పని, తిరగడం ఒక పని, ఆగడం ఇంకో పని. మంచులో ఈ మూడూ మూడు దారులు.

హై పెర్ఫార్మెన్స్ పికప్ అంటే

పికప్ పుట్టింది సరుకు మోయడానికి. దానికి స్పోర్ట్స్ కారు గుండె పెట్టాలన్న ఆలోచన అమెరికన్ కంపెనీలకి చాలాకాలంగా ఉంది. 1991లో జీఎంసీ సైక్లోన్ వచ్చింది. 4.3 లీటర్ల టర్బో ఇంజను, 280 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకీ శక్తి. 2004లో డాడ్జ్ రామ్ ఎస్ఆర్‌టీ-10 వచ్చింది. వైపర్ స్పోర్ట్స్ కారులోని 8.3 లీటర్ల వీ10 ఇంజన్ని తెచ్చి ఇందులో పెట్టారు. 500 హార్స్‌పవర్, 22 అంగుళాల చక్రాలు. అంత శక్తీ వెళ్ళేది వెనక చక్రాలకే. ఎండాకాలపు హైవే మీద అదొక అద్భుతం. మంచు పడ్డ రోజు గ్యారేజీలోంచి తీసేవాళ్ళు తక్కువ.

తరవాతి తరం దారి మార్చుకుంది. ఫోర్డ్ రాప్టర్, రామ్ టీఆర్ఎక్స్ లాంటివి ఎడారి ఇసుకలో, రాళ్ళలో వేగంగా పోవడానికి చేసినవి. 2021 మోడల్‌గా వచ్చిన టీఆర్ఎక్స్‌లో సూపర్‌ఛార్జర్ బిగించిన 6.2 లీటర్ల వీ8 ఇంజను 702 హార్స్‌పవర్ ఇస్తుంది. బండి బరువు సుమారు 2900 కిలోలు. ఇప్పుడు ఎలక్ట్రిక్ పికప్‌లు వీటినీ దాటాయి. నాలుగు మోటార్ల రివియన్ ఆర్1టీ 835 హార్స్‌పవర్‌తో మొదలైంది.

నేల ఎంత తీసుకుంటుంది

ఇంజను ఎంత ఇచ్చినా, టైరు నేలని పట్టుకున్నంత మేరకే బండి కదులుతుంది. ఆ పట్టుని కొలిచే అంకె ఘర్షణ గుణకం. టైరు మీద 100 కిలోల బరువుంటే, జారకుండా ఎన్ని కిలోల బలంతో నేలని తన్నగలదో అది చెబుతుంది. పొడి తారురోడ్డు మీద ఇది 0.8 దగ్గర ఉంటుంది, అంటే 80 కిలోలు. బళ్ళు తిరిగి గట్టిపడిన మంచు మీద 0.2 నుంచి 0.3. ఐస్ మీద 0.1, ఒక్కోసారి అంతకన్నా తక్కువ.

టీఆర్ఎక్స్ బరువున్న బండి గంటకి 36 కిలోమీటర్ల వేగంలో, అంటే సెకనుకి 10 మీటర్లు పోతోందనుకుందాం. నాలుగు చక్రాలూ కలిసి జారకుండా నేలకి అప్పగించగల శక్తి లెక్క కడితే, పొడి రోడ్డు మీద దాదాపు 305 హార్స్‌పవర్ వస్తుంది. గుణకం 0.25 ఉన్న గట్టి మంచు మీద 95. ఐస్ మీద 38.

95 హార్స్‌పవర్ అంటే మన ఊళ్ళలో తిరిగే మారుతి స్విఫ్ట్ ఇంజను కన్నా కాస్త ఎక్కువ, అంతే. 702లో మిగతా 600 పైచిలుకు ఆ క్షణంలో ఎందుకూ పనికిరావు. కాలు కొంచెం బలంగా పడితే ఆ మిగులంతా చక్రాన్ని ఉన్నచోటే గిరగిరా తిప్పుతుంది. అదే బండి వెనక చక్రాలతో మాత్రమే నడిస్తే, వెనక పడే బరువు 42 శాతం అనుకుంటే, నేల తీసుకునేది 95లో కూడా 40 మాత్రమే. ఖాళీ పికప్‌కి వెనక భాగం తేలిక, ఇంజను బరువంతా ముందుంటుంది. చిన్న ముందు చక్రాల కారు ఎక్కిన వాలుని వీ8 ట్రక్కు ఎక్కలేకపోవడం వెనకున్న కథ ఇదే.

అందుకే స్నో మోడ్ లేదా స్లిప్పరీ మోడ్ అనే బటన్. అది కొత్తగా పట్టేమీ పుట్టించదు. పెడల్ సగం తొక్కితే మామూలుగా వచ్చే శక్తిలో కొంతే వచ్చేలా చేస్తుంది, గేర్లు తొందరగా పైకి మారుస్తుంది. 702 హార్స్‌పవర్ బండి కాసేపు 95 హార్స్‌పవర్ బండిలా మసలుకునేలా నేర్పుతుంది. టర్బో ఇంజన్లకి ఇది మరీ అవసరం. వాటిలో శక్తి ముందు కొంచెం తటపటాయించి తరవాత ఒక్కసారిగా ఊడిపడుతుంది. మలుపు మధ్యలో అలా పడితే తోక పక్కకి పోతుంది.

2హెచ్, 4ఏ, 4హెచ్, 4ఎల్: ఆ గుబ్బ మీది అక్షరాలు

శక్తి ఏ చక్రాలకి వెళ్ళాలో డ్రైవరు ఎంచుకునేది ఈ గుబ్బ తిప్పే. 2హెచ్ అంటే వెనక రెండు చక్రాలకే శక్తి. 4హెచ్ అంటే ముందు ఇరుసునీ వెనక ఇరుసునీ కలిపి బిగించడం. 4ఎల్ కూడా అదే, కాకపోతే నెమ్మదిగా, బలంగా లాగే గేరుతో. దిగబడ్డప్పుడు, నిటారు వాలులో పనికొస్తుంది. 4ఏ అంటే ఆటో: వెనక చక్రాలు జారుతున్నట్టు కనిపించగానే కంప్యూటర్ ముందు చక్రాలకీ శక్తి పంపుతుంది.

4హెచ్‌కి ఒక మెలిక ఉంది. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనక చక్రాల కన్నా ఎక్కువ దూరం నడుస్తాయి. రెండు ఇరుసుల్నీ కలిపి బిగిస్తే ఆ తేడా ఎక్కడో తీరాలి. మంచులో టైరు కాస్త జారి తీర్చేస్తుంది. పొడి రోడ్డు మీద జారదు కాబట్టి భారం గేర్ల మీద పడి బండి బిగుసుకుపోతుంది. మంచు కరగడానికి ఉప్పు చల్లిన ఊరి రోడ్లు ఎప్పుడూ అతుకుల బొంతలా ఉంటాయి. వంద గజాలు పొడి, యాభై గజాలు మంచు, వంతెన మీద ఐస్. 4ఏ ఆ బొంత కోసం పుట్టిందే.

డిఫరెన్షియల్ లాక్ సంగతి మన రైతుకి ఎవరూ చెప్పక్కర్లేదు. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు ఒక చక్రం బురదలో తిరుగుతూ ఉండిపోతే, సీటు కింద పెడల్ తొక్కి రెండు వెనక చక్రాల్నీ ఒకటి చేస్తారు. పట్టున్న చక్రం లాగుతుంది, ట్రాక్టరు బయటపడుతుంది. ఈ ట్రక్కుల్లోదీ అదే సూత్రం. దిగబడిన బండిని లాగడంలో దాన్ని మించింది లేదు. అయితే లాక్ వేసుకుని ట్రాక్టరుని మలుపు తిప్పడం ఎంత కష్టమో తోలినవాళ్ళకి తెలుసు. ఐస్ మీద వేగంలో ఉన్నప్పుడు రెండు వెనక చక్రాలూ కలిసి జారితే, నిలబెట్టేందుకు పక్క పట్టున్న చక్రం ఒక్కటీ మిగలదు. రోడ్డు ఏ పక్కకి వాలి ఉంటే తోక ఆ పక్కకి పోతుంది.

కదలడం వేరు, ఆగడం వేరు

ఆ కుర్రాడి ప్రశ్నకి అసలు జవాబు ఇక్కడుంది. ఫోర్ వీల్ డ్రైవ్ ఇంజను శక్తిని నాలుగు చక్రాలకి పంచుతుంది. బ్రేకులు మాత్రం ప్రతి బండికీ నాలుగు చక్రాలకీ ముందునుంచే ఉన్నాయి. బ్రేకు తొక్కినప్పుడు చిన్న సెడాన్ కన్నా ట్రక్కుకి అదనంగా ఏమీ లేదు.

బరువు ఎక్కువైతే పట్టు ఎక్కువ కదా అంటారు. నిజమే, కానీ ఆపాల్సిన భారం కూడా అంతే పెరుగుతుంది. లెక్కలో రెండూ కొట్టేసుకుపోతాయి. 60 కిలోమీటర్ల వేగం నుంచి ఆగడానికి, కాలు బ్రేకు మీద పడ్డాక, పొడి రోడ్డు మీద 18 మీటర్లు, గట్టి మంచు మీద 57, ఐస్ మీద 142 మీటర్లు కావాలి. ఆ సూత్రంలో బరువుకి చోటే లేదు.

భోజనాలయ్యాక అతన్ని లాట్ చివరికి, కార్లు లేని వైపుకి తీసుకెళ్ళాను. కొత్తగా పడ్డ మంచు కింద పాత మంచు గట్టిపడి ఉంది. 2హెచ్‌లో బయల్దేరబోతే వెనక చక్రాలు గిర్రున తిరిగి తోక రెండడుగులు పక్కకి జరిగింది. 4ఏలో అదే చోట బండి పొడి రోడ్డు మీదలాగే కదిలింది. అతని మొహం వెలిగింది. తరవాత రెండింటిలోనూ ఒకే వేగం నుంచి, ఒకే దీపస్తంభం దగ్గర బ్రేకు తొక్కమన్నాను. పాదం కింద పెడల్ టకటకమని అదిరింది, అది ఏబీఎస్ పని, అంటే చక్రాలు బిగుసుకుపోకుండా బ్రేకుని వదులుతూ పడుతూ ఉండే ఏర్పాటు. దిగి చూస్తే రెండు సార్లూ టైరు గీతలు ఇంచుమించు ఒకేచోట ఆగాయి. బయల్దేరినప్పుడు కనిపించినంత తేడా ఆగినచోట వెతికినా లేదు. మోకాళ్ళ మీద వంగి ఆ గీతల్నే చూస్తూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదతను.

ఒక చిన్న మినహాయింపుంది. వాలు దిగేటప్పుడు యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే ఇంజను బండిని వెనక్కి పట్టుకుంటుంది. 2హెచ్‌లో ఆ పట్టు వెనక చక్రాల మీదే పడి తోక జారవచ్చు. ఫోర్ వీల్‌లో నాలుగింటికీ పంచుకుంటుంది. అక్కడ ఫోర్ వీల్ డ్రైవ్ నిజంగానే మేలు. అలాగే ఏబీఎస్ గురించి పాతకాలం డ్రైవర్లు చెప్పే మాటలో కూడా నిజముంది: లోతైన పొడిమంచులో చక్రం బిగుసుకుపోతే దాని ముందు మంచు గుట్టగా పోగుపడి బండి తొందరగా ఆగుతుంది, ఏబీఎస్ ఆ గుట్టని పోగుపడనివ్వదు. కానీ బిగుసుకున్న చక్రం స్టీరింగ్ మాట వినదు. ఎదురుగా మనిషున్నప్పుడు పక్కకి తిప్పగలగడమా, రెండు మీటర్లు ముందు ఆగడమా అంటే, కంపెనీలు మొదటిదాన్నే ఎంచుకున్నాయి.

మలుపులో ఇంకో లెక్క. టైరు పట్టు నెల జీతం లాంటిది, మొత్తం ఒకటే, ఖర్చులే పలు రకాలు. తిరగడానికి 80 శాతం వాడేస్తే బ్రేకుకి గానీ వేగం పెంచడానికి గానీ మిగిలేది 60 శాతం. (మొత్తం 100 దాటిందేమిటని అనుకోవద్దు. రెండు బలాలూ లంబకోణంలో ఉంటాయి కాబట్టి పైథాగరస్ లెక్క వర్తిస్తుంది.) పూర్తిగా తిరగడానికే వాడితే మిగిలేది సున్నా. 50 మీటర్ల వ్యాసార్ధమున్న హైవే ర్యాంపుని పొడి రోడ్డు మీద గరిష్ఠంగా 71 కిలోమీటర్ల వేగంతో తిరగవచ్చు. గట్టి మంచు మీద 40. ఐస్ మీద 25. ఆ అంచు మీద ఉన్న బండిలో టర్బో ఒక్కసారి ఊపందుకుంటే చాలు.

టైరు: వెయ్యి డాలర్ల ప్రశ్న

రబ్బరు చలికి గట్టిపడుతుంది. వేసవి టైరు రబ్బరు 7 డిగ్రీల సెల్సియస్ కిందకి వచ్చేసరికే బిగుసుకోవడం మొదలెడుతుందని టైర్ల కంపెనీలు చెబుతాయి. వింటర్ టైరుకి వాడే రబ్బరు సున్నాకి చాలా కింద కూడా మెత్తగా ఉంటుంది. దాని దిమ్మెల మీద కత్తితో గీరినట్టు సన్నని చీలికలు వందలకొద్దీ ఉంటాయి. అవి వంగి అంచులతో ఐస్‌ని గీరుకుంటాయి, మధ్యలో మంచుని నింపుకుంటాయి. మంచుకి మంచు బాగా అతుక్కుంటుంది, పిల్లలు ఉండ చేసి విసురుకునేది అందుకే. ఫిన్లండ్‌లోని నోకియన్ కంపెనీ 1934లోనే లారీల కోసం ఇలాంటి చలికాలపు టైరు చేసింది.

గట్టి మంచు మీద మామూలు ఆల్ సీజన్ టైరు 0.2, మంచి వింటర్ టైరు 0.3 ఇస్తాయనుకుందాం. చూడ్డానికి చిన్న తేడా. 60 వేగం నుంచి మొదటిది ఆగేది 71 మీటర్లలో, రెండోది 47లో. ఇంకోలా చూస్తే, వింటర్ టైర్ల బండి పూర్తిగా ఆగిపోయిన చోట ఆల్ సీజన్ టైర్ల బండి ఇంకా 35 కిలోమీటర్ల వేగంతో పోతూ ఉంటుంది. కెనడాలోని క్యుబెక్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 వరకు వింటర్ టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. మిషిగన్‌లో అలాంటి చట్టం లేదు.

ఈ ట్రక్కులకి వచ్చేవి మొరటు గాడులున్న 35 అంగుళాల ఆల్ టెర్రైన్ టైర్లు. కొన్నిటి మీద మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచుపువ్వు గుర్తు కూడా ఉంటుంది. ఇంక వింటర్ టైరు దేనికన్న వాదనకి అదే ఆధారం. ఆ గుర్తుకి అర్థం ఉంది, దానికో పరీక్ష ఉంది. కానీ ఉత్తర అమెరికాలో వాడే ఆ పరీక్ష గట్టిపడిన మంచు మీద టైరు బండిని ఎంత బాగా ముందుకి లాగుతుందో చూస్తుంది. ఐస్ మీద ఎంత దూరంలో ఆగుతుందన్నది అందులో లేదు. మళ్ళీ అదే తేడా: కదలడం, ఆగడం. లోతైన మంచులో ఆ మొరటు గాడులు బ్రహ్మాండంగా తవ్వుకుపోతాయి. ట్రాఫిక్ లైటు దగ్గర నున్నగా మెరుగుపెట్టినట్టున్న ఐస్ మీద, చీలికలు లేని పెద్ద దిమ్మెలకి పట్టు దొరకదు.

వెడల్పు టైరా, సన్నటి టైరా అన్నది ఇంకో పాత తగువు. ఊరి రోడ్డు మీద నాలుగైదు అంగుళాల మంచు, కింద తారు. సన్నటి టైరు మంచుని కోసుకుని గట్టి నేలని తాకుతుంది, వెడల్పుది పైకి తేలుతుంది. ఐస్‌లండ్ హిమానీనదాల మీద నడిపేవాళ్ళకి తేలడమే కావాలి, కింద తారు లేదు కదా. వాళ్ళు పెద్ద వెడల్పు టైర్లలో గాలి బాగా తగ్గించి మంచు మీద పరుచుకునేలా చేస్తారు. మిషిగన్ ఊరి రోడ్లలో ఉద్యోగానికి వెళ్ళొచ్చేవాడికి మొదటిదే వర్తిస్తుంది. కంపెనీ ఇచ్చిన టైర్లు రెండోదానికి దగ్గర.

ఇసుక బస్తాల వాదం

చలికాలం రాగానే హార్డ్‌వేర్ దుకాణాల ముందు గొట్టాల్లాంటి సంచుల్లో ఇసుక పేర్చి అమ్ముతారు. ఒక్కోటి 60 పౌండ్లు, 27 కిలోలు. వెనక తొట్టిలో వేసుకోవడానికి.

2300 కిలోల వెనక చక్రాల పికప్ తీసుకుందాం. వెనక 42 శాతం, అంటే 966 కిలోలు. సరిగ్గా వెనక ఇరుసు మీదకొచ్చేలా ఆరు సంచులు, 162 కిలోలు వేస్తే వెనక వాటా దాదాపు 46 శాతానికి చేరుతుంది. ముందుకి లాగే పట్టు, బరువుతో పోల్చి చూస్తే, సుమారు 9 శాతం మెరుగు. డ్రైవ్‌వే వాలు ఎక్కడానికీ, ఎక్కలేకపోవడానికీ అది చాలిన తేడా. ఆగే దూరం మారదు. సంచులు ఇరుసు దాటి తొట్టి తలుపు దాకా జరిగితే ముందు చక్రాలు తేలికపడి స్టీరింగ్ పట్టు తగ్గుతుంది. నాలుగు చక్రాలకీ శక్తి వెళ్ళే ట్రక్కుకి ఇదంతా అక్కర్లేని మోత. అయినా ఒక సంచి ఉంచుకునేవాళ్ళని నేను తప్పుపట్టను, దిగబడినప్పుడు కోసి చక్రాల ముందు చల్లుకోవచ్చు.

కంప్యూటర్ కట్టేయాలా?

అమెరికాలో 2012 మోడల్ నుంచి తేలికపాటి బళ్ళన్నిటికీ స్టెబిలిటీ కంట్రోల్ తప్పనిసరి. స్టీరింగ్ చెప్పే దిశకీ, బండి నిజంగా పోతున్న దిశకీ తేడా వస్తే, అవసరమైన చక్రానికి విడిగా బ్రేకు వేసి బండిని దారికి తెస్తుంది. నాలుగు చక్రాలకి నాలుగు బ్రేకు పెడళ్ళు ఏ డ్రైవరుకీ ఉండవు. దాన్ని కట్టేయమనే సలహా ఎక్కడినుంచి వచ్చిందంటే, లోతైన మంచులో దిగబడ్డప్పుడు చక్రం కొంచెం తిరిగితేనే టైరు గాడుల్లో ఇరుక్కున్న మంచు రాలిపోయి కొత్త పట్టు దొరుకుతుంది. దానితో కలిసి పనిచేసే, చక్రం ఉన్నచోటే తిరగకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ ఆ తిరుగుడు చూడగానే ఇంజను గొంతు నొక్కేస్తుంది. బటన్ ఆ కొద్ది నిమిషాల కోసం. హైవే మీద దాన్ని కట్టేసి ఉంచడానికి నాకైతే ఒక్క కారణమూ కనిపించదు.

ఎలక్ట్రిక్ పికప్‌లు ఇక్కడ కొత్త తూకం తెచ్చాయి. చక్రానికో మోటారున్నప్పుడు జారుడుని కనిపెట్టి శక్తి తగ్గించడం ఇంజను కన్నా ఎన్నో రెట్లు వేగంగా జరుగుతుంది. మరోపక్క, కాలు తీయగానే మోటారు బండిని బలంగా వెనక్కి పట్టుకుంటుంది. పొడి రోడ్డు మీద సుఖంగా ఉండే ఆ అలవాటు, ఐస్ మీద అనుకోని బ్రేకులా తగులుతుంది. అందుకే వాటి స్నో మోడ్‌లలో దాన్ని తగ్గించే ఏర్పాటు ఉంటుంది. రివియన్ బరువు 3200 కిలోల పైన, హమ్మర్ ఎలక్ట్రిక్ పికప్‌ది 4100 పైన. ఆగే దూరం లెక్కలో బరువు కొట్టుకుపోతుందన్నాను. కానీ ఆగలేక ఎదుటి చిన్న కారుకి తగిలితే, ఆ దెబ్బలో బరువు కొట్టుకుపోదు.

రోడ్డు జారుతోందని ఎలా తెలుస్తుంది

2015 జనవరి 9న మిషిగన్‌లోని కలమజూ దగ్గర ఐ-94 హైవే మీద మంచు తుఫానులో 193 వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. అందులో పెద్ద ట్రక్కులూ ఉన్నాయి, చిన్న కార్లూ ఉన్నాయి. చూపు ఆనకపోవడం ఒకటి, కాళ్ళ కింద పట్టు ఎంతుందో తెలియకపోవడం ఇంకొకటి.

పాత వెనక చక్రాల బండికి ఒక గుణముంది. వీధి చివర స్టాప్ సైన్ దగ్గర బయల్దేరగానే చక్రం గిర్రుమంటుంది, ఈరోజు రోడ్డు బాగాలేదని డ్రైవరుకి ఆ క్షణమే తెలిసిపోతుంది. మంచి ఫోర్ వీల్ డ్రైవ్, మంచి స్నో మోడ్ ఆ కబురు చేరనివ్వవు. బండి సాఫీగా కదులుతుంది, సాఫీగా 80 అందుకుంటుంది, సీటు వెచ్చగా ఉంటుంది. పట్టు తక్కువుందన్న మొదటి కబురు బ్రేకు తొక్కినప్పుడు వస్తుంది. అంతకుముందు డ్యాష్‌బోర్డు మీద కనిపించేది ఒక్కటే, జారుతున్న కారు బొమ్మతో పసుపు దీపం. బయల్దేరేటప్పుడు అది రెండు మూడుసార్లు మిణుకుమందంటే కంప్యూటర్ అప్పటికే జారుడు చూసి సర్దేసిందని అర్థం.

దాని పక్కనుండే బయటి ఉష్ణోగ్రత అంకె కూడా మనం అనుకునేదానికి తిరగేసి చెబుతుంది. బాగా చలిగా, మైనస్ 15లో, మంచు బూటు కింద కిర్రుమంటుంది. అంత చలిలో తడి లేని ఐస్ టైరుకి ఎంతో కొంత పట్టు ఇస్తుంది. సున్నా దగ్గర ఐస్ పైన పల్చని నీటిపొర ఉంటుంది, జారుడు అప్పుడే ఎక్కువ. వంతెనల కింద నేల వెచ్చదనం ఉండదు, చుట్టూ గాలే, అందుకే అవి ముందు గడ్డకడతాయి. మేం గుడి నుంచి బయటికొచ్చిన సాయంత్రం అతని ట్రక్కులో అంకె 1 డిగ్రీ చూపిస్తోంది. పగటి ఎండకి మంచు గుట్టలు కరిగి లాట్‌లో కార్లున్న వైపంతా తడి, ఆకాశం తేటపడి చలి దిగుతోంది. మైనస్ 15 ఉన్న పొద్దున కన్నా ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళే దారే ఎక్కువ జారుడు.